కొండ మీద ఇల్లు, గోడకు ఏ కర్ర?

ఖరగ్‌పూర్‌లో సైడింగ్ అంటే అర్థం ఒక్కటే. మెయిన్ లైనుకు దారిచ్చి వ్యాగన్లు పక్కకు తప్పుకుని నిలబడే లైను. నింపురా యార్డులో పాతికేళ్లు డ్యూటీ చేసిన మనిషిని నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతాడు. అమెరికాలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఇంటి బయటి గోడకు వరసగా బిగించే చెక్క పలకలను కూడా వాళ్లు సైడింగ్ అనే అంటారు. ఈ రెండో అర్థం ఇప్పుడు తాల్‌బగీచా దాకా వచ్చేసింది. రిటైరైన తండ్రికి విదేశంలో ఉన్న కొడుకు ఫోన్‌లో ఓ వీడియో పంపుతాడు. మంచు పట్టిన కొండ, చెట్ల మధ్య చిన్న చెక్క ఇల్లు, వసారాలో కాఫీ కప్పు. ఇద్దరు మనుషులు ఒక్క వేసవిలో సొంతంగా కట్టుకున్నారట. ‘‘నాన్నా, మనమూ ఒకటి కడదాం’’ అంటాడు కొడుకు. ‘‘గోడకు ఏ కర్ర వాడదాం?’’ అంటాడు నాన్న.

నాన్నకు ఈ ఆశ కొత్తదేమీ కాదు. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. బదిలీ మీదో, డ్యూటీ మీదో, సెలవు పాసు మీదో కొత్తవలస-కిరండూల్ లైను ఎక్కిన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఎందరో. ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరున్న శిమిలిగుడ (996 మీటర్లు) దాటి అరకు లోయలోకి దిగినప్పుడు ‘ఇక్కడో గది ఉంటే చాలు’ అనిపించని మనిషి ఉండడు. ఆ ముచ్చట సర్వీసంతా మనసులో ఉండిపోయి, చేతిలో గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు పడ్డాక బయటికొస్తుంది.

ఆశలో తప్పేమీ లేదు. తప్పంతా ప్రశ్నల వరసలో ఉంది. ‘ఏ కర్ర?’ అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు మూడున్నాయి. నేల ఎవరిది? వాన నీరు ఎటు పోతుంది? కట్టేది ఎవరి చెయ్యి? ఈ మూడూ తేలితే నాలుగోది దాదాపు దానంతటదే తేలిపోతుంది. తేలకపోతే బర్మా టేకు కొట్టించినా లాభం లేదు.

ముందు నేల సంగతి. అరకు, అనంతగిరి, పాడేరు, లంబసింగి... మన ఊహల్లోని కొండలన్నీ ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని కట్టుదిట్టం చేసిన 1970 సవరణ అమల్లో ఉన్నాయి. జనం నోట్లో నలిగిన ‘1/70 చట్టం’ ఇదే. దాని ప్రకారం గిరిజనేతరుడు ఆ ప్రాంతంలో గిరిజనుడి నుంచే కాదు, మరో గిరిజనేతరుడి నుంచి కూడా భూమి కొనలేడు. కొనడమొక్కటే కాదు, లీజు, తనఖా, దానం, చివరికి అమ్మకానికి రాసుకున్న ఒప్పందం కూడా ‘బదలాయింపు’ కిందికే వస్తాయి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు కట్టబెట్టకూడదని తేల్చింది.

అయినా ‘వంద రూపాయల స్టాంపు పేపరు మీద 99 ఏళ్లకు రాయిస్తాం, నోటరీ చేయిస్తాం’ అనే మధ్యవర్తులకు కొదవలేదు. ఆ కాగితం విలువ స్టాంపు ఖరీదు కూడా ఉండదు. పోయేది ఒక రిటైరైన మనిషి జీవితకాలపు పొదుపు ఒక్కటే కాదు. అవతలి పక్కన ఆ నేల మీదే బతికే ఓ కుటుంబం ఉంది. అలాంటి నేల చేతులు మారకూడదనే ఆ చట్టం వచ్చింది. అరకు మీద అంత ప్రేముంటే అక్కడి గిరిజనుల ఇళ్లలోనే అద్దెకు నాలుగు రోజులు ఉండి రావచ్చు. పొద్దునే కనిపించే మంచు అదే. డబ్బు ఎవరికి చేరాలో వాళ్లకే చేరుతుంది.

ఉత్తరాదికి పోదామంటే అక్కడా గేట్లున్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 చట్టం 118వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రపు రైతు కానివాడు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేడు. ‘మాకు శ్రీకాకుళంలో రెండెకరాలుంది, మేమూ రైతులమే’ అన్న వాదన అక్కడ చెల్లదు. ఉత్తరాఖండ్‌లో పట్టణ పరిధి బయట ఇంటి కోసం బయటి రాష్ట్రాలవాళ్లు కొనగలిగేది 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 300 గజాలు. మన బెంగాల్‌లోనే ఉన్న డార్జిలింగ్, కాలింపాంగ్‌లలో టీ తోటల భూమి ప్రభుత్వ లీజుది. గిరిజనుల భూమి కొనడానికి ఆంక్షలున్నాయి. మిగిలిన సొంత పట్టా భూమి దొరకొచ్చు. కాకపోతే పత్రాలు అక్కడి వకీలుకు చూపించాకే అడ్వాన్సు ఇవ్వాలి.

నేల దొరికిందనుకుందాం. రెండో ప్రశ్న నీరు. చెక్క ఇంటికి అసలు శత్రువు చెదలు కాదు, తడి. చెక్కను తినే బూజుకు తేమ కావాలి. చెదలకూ తేమే కావాలి. తడిసినా త్వరగా ఆరిపోయే చెక్క తరాలు నిలుస్తుంది. తడిసి ఆరని చెక్క, అది ఏ జాతిదైనా, కొన్నేళ్లకే పుచ్చిపోతుంది.

ఈ సంగతి మనవాళ్లకు కొత్త కాదు. తాల్‌బగీచా అంటేనే తాటితోపు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి రైల్వే పనికి ఇక్కడికొచ్చిన తాత ముత్తాతలు వదిలి వచ్చిన ఇళ్లు మట్టి గోడలవి, తాటి దూలాలవి, తాటాకు కప్పువి. ఆ కప్పు నేసే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి నేస్తూ పోతారు. ప్రతి పై వరస కింది వరస మీదికి వాలుతుంది. పై ఆకు మీద పడ్డ చుక్క కింది ఆకు మీదికి జారుతుందే తప్ప లోపలికి దారి దొరకదు. చూరు గోడ దాటి ముందుకొస్తుంది కాబట్టి మట్టి గోడ తడవదు. చెక్క గోడ సూత్రం ఇంతకు మించి ఏమీ లేదు. తాటాకు కప్పును నిలబెడితే అదే సైడింగ్.

పలకలు బిగించే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది అడ్డ పలకలు. కింది నుంచి మొదలుపెట్టి, పై పలక అంచు కింది పలక మీదికి అంగుళం వాలేలా కొట్టుకుంటూ పోవడం. తాటాకు పద్ధతే. గట్టి వానకు ఇది నమ్మకమైనది. రెండోది నిలువు పలకలు. రెండు పలకల మధ్య సందును సన్నటి బద్దతో కప్పుతారు. నీరు నిలవకుండా కిందికి జారిపోతుంది. చెయ్యి తిరగని వడ్రంగికి కూడా తేలిక. మూడోది ఒక పలక నాలుక మరో పలక గాడిలో కూర్చునేలా చేసేది. చూపుకు నున్నగా, అందంగా ఉంటుంది. కానీ పచ్చి చెక్కతో చేస్తే ఎండాకాలంలో నాలుక గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. వానాకాలంలో ఉబ్బి పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మొదటిసారి కట్టుకునేవాళ్లు మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకోవడం మంచిది.

పద్ధతి ఏదైనా కొన్ని కొలతలు మాత్రం మార్చకూడదు. చూరు గోడ దాటి రెండు, మూడు అడుగులు ముందుకు రావాలి. అన్నిటికన్నా కింది పలక నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండాలి. ఎందుకంటే చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మే ఎత్తు దాదాపు అంత. పునాది రాయిదో, కాంక్రీటుదో అయి ఉండాలి. పలకను నేరుగా గోడకు ఆనించి కొట్టకూడదు. ముందు నిలువుగా అంగుళం మందం బద్దలు కొట్టి, వాటి మీద అడ్డ పలకలు బిగించాలి. అప్పుడు పలక వెనక గాలి ఆడుతుంది. పొరపాటున లోపలికొచ్చిన నీరు కిందికి కారిపోతుంది. ఆ సందులో ఎలుకలు, కందిరీగలు కాపురం పెట్టకుండా కింద, పైన సన్న జాలీ కొట్టాలి. వీడియోల్లో నాలుగు సెకన్లు కూడా కనిపించని ఈ అంగుళం సందే ఇంటి ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఇక కర్ర. ఖరగ్‌పూర్ మనిషికి కర్ర అనగానే గుర్తొచ్చేది సాల్. మనం గుగ్గిలం చెట్టు అంటాం. ఆ చెట్టు బంకే ఇంట్లో పొగ వేసే గుగ్గిలం. మేదినీపూర్ చుట్టూ ఉన్న అడవులు ఇవే. కాంక్రీటు స్లీపర్లు రాకముందు పట్టాల కింద ఎండకు, వానకు పడి ఉన్నది ఎక్కువగా ఈ కర్రే. కాబట్టి ‘స్లీపరుకు పనికొచ్చింది గోడకు పనికిరాదా?’ అనిపించడం సహజం. ఇక్కడే పొరబడతాం. స్లీపరుకు కావల్సింది బరువు మోయడం. గోడ పలకకు కావల్సింది వంకర పోకుండా ఉండటం. సాల్ ఆరడానికి చాలా కాలం తీసుకుంటుంది. తొందరపెడితే పగులుతుంది, మెలి తిరుగుతుంది. ముందుగా బెజ్జం వేయకుండా మేకు దిగదు. దుంగగా, స్తంభంగా, కింది చట్రంగా దానికి తిరుగులేదు. ముప్పావు అంగుళం పలకగా మాత్రం బెడద.

పైగా ఇక్కడ ఇప్పుడు దొరికే సాల్ ఎలాంటిదో చూడాలి. మేదినీపూర్‌కు ఉత్తరాన ఉన్న ఆరాబారీలో 1971-72లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఓ ప్రయోగం మొదలుపెట్టారు. నరికేసిన మోళ్ల నుంచి మళ్లీ చిగురించే సాల్‌ను చుట్టుపక్కల 11 గ్రామాల జనమే కాపాడాలి. బదులుగా కలప ఆదాయంలో వాళ్లకు 25 శాతం వాటా. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి నాంది అదే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వనసంరక్షణ సమితులు వచ్చినా మూలం ఆ ఆలోచనే. అలా పెరిగిన అడవి నుంచి వచ్చేవి ఎక్కువగా సన్నటి వాసాలు. వెడల్పాటి పలకలు కోయడానికి తగిన మాను కాదు. వెడల్పు సాల్ పలకలు చవగ్గా ఇస్తానని ఎవరైనా అంటే, అది ఎక్కడి మాను అని అడగాలి. రవాణా అనుమతి కాగితం చూపించమనాలి.

పాత స్లీపర్లు తుక్కు కింద కొని గోడకు కోయిద్దామన్న ఆలోచన కూడా రైల్వే ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. వద్దు. లోపల విరిగిన ఇనుప మేకులు రంపం పళ్లు రాలగొడతాయి. దశాబ్దాల పాటు బోగీల మరుగుదొడ్లు ఎక్కడ ఖాళీ అయ్యేవో రైల్వే మనిషికి చెప్పనక్కర్లేదు. పైన్, దేవదారు స్లీపర్లకైతే పంజాబ్‌లోని ధిల్వాన్ లాంటి చోట్ల క్రియోసోట్ అనే తారునూనె పట్టించేవారు. ఆ నూనె క్యాన్సర్ కారకం కావచ్చన్నది శాస్త్రవేత్తల మాట. ఇంట్లోకి రావాల్సిన సరుకు కాదది.

టేకు మంచిదే. ఒంట్లోనే నూనె ఉంటుంది, ఉబ్బడం, కుంగడం తక్కువ. అయితే ఆ గుణమంతా చేవలోనే. తోటల్లో తొందరగా కొట్టేసిన టేకులో పైనుండే తెల్ల చెక్కే ఎక్కువ. దానికి టేకు ధర ఇచ్చినా టేకు ఆయుష్షు రాదు. కొనేటప్పుడు పలక అంచు చూడండి. లేత పసుపు చార కనిపిస్తే పక్కన పెట్టించండి. హిమాలయాల్లో కడితే దేవదారును మించింది లేదు. తేలిక, సులువుగా తెగుతుంది, చెదలు దగ్గరికి రానివ్వని వాసన. రాయి, దేవదారు దూలాలు వరసలుగా పేర్చి కట్టే హిమాచల్ కాఠ్‌కుణీ ఇళ్లు తరాలుగా నిలబడ్డాయి. అదే కొండల్లో చవగ్గా దొరికే చీడ్ పైన్‌కు మందు పట్టించక తప్పదు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చవకే కానీ వాన తగిలే గోడకు తట్టుకోదు.

మందు అనగానే ఒక తెలుగు పేరు చెప్పుకోవాలి. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలిసే సొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి చెక్క పుచ్చకుండా కాపాడే మందు కనిపెట్టారు. రాగి బూజును, ఆర్సెనిక్ పురుగును ఆపుతాయి. ఆ రెండూ వానకు కొట్టుకుపోకుండా క్రోమియం పట్టి ఉంచుతుంది. దాంతో మామూలు పైన్ కూడా భూమిలో పాతి దశాబ్దాలు నిలిచే స్తంభమైంది. ప్రపంచమంతా దాన్నే వాడింది. ఆర్సెనిక్ విషం గురించి ఆందోళన పెరిగాక 2003 చివరి నుంచి అమెరికాలో ఇళ్ల అవసరాలకు ఆ చెక్క తయారీ ఆపేశారు. ఇప్పుడు ఆర్సెనిక్ లేని రాగి మందులున్నాయి. మన దగ్గర ఆర్సెనిక్ బదులు బోరాన్ కలిపినవీ దొరుకుతాయి. ఉత్త బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు లోపలి చట్రానికి చాలు. వాన తగిలే పలకకైతే అది కొట్టుకుపోతుంది. డిపోలో ఆకుపచ్చ ఛాయ ఉన్న చెక్క కొంటే ఏ మందో రాయించుకోండి. దాని ముక్కల్ని మాత్రం చలిమంటలో వేయకండి.

ఎంత కర్ర కావాలి? ఇరవై అడుగులకు పదిహేను అడుగుల గది అనుకుందాం. చుట్టుకొలత 70 అడుగులు. పదడుగుల ఎత్తుకు 700 చదరపు అడుగులు. తలుపు, కిటికీలకు వంద తీసేస్తే 600. ఆరంగుళాల పలక అంగుళం వాలితే కప్పేది అయిదంగుళాలే కాబట్టి 720 కావాలి. పదో వంతు వృథాకు కలిపితే 800. ముప్పావు అంగుళం మందానికి 50 ఘనపుటడుగులు. సాల్ అయితే ఇది 1,100 కిలోలు దాటుతుంది. దేవదారు అయితే 800 లోపే. కొండ దారిలో చివరి అర కిలోమీటరు ఆ బరువు మనుషుల వీపుల మీద వెళ్లాలంటే తేడా తెలుస్తుంది. ఇప్పుడు ఏ డిపోకు వెళ్లినా ఘనపుటడుగు ధర అడిగి 50తో గుణించుకోవచ్చు.

కొన్న పలకల్ని వెంటనే కొట్టించకండి. అదే కొండ మీద, నీడలో, మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చి కొన్ని నెలలు ఉంచండి. అక్కడి గాలికి అలవాటు పడ్డాక కదలిక తగ్గుతుంది. కోసిన ప్రతి కొసకూ రంగో, నూనో పూయండి. చెక్క నీళ్లు తాగేది కొసల నుంచే. మేకులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వో, జింకు పూత ఉన్నవో వాడండి. మామూలు ఇనుప మేకు చుట్టూ చెక్క నల్లగా కారుతుంది. ఒక మేకు రెండు పలకల్ని కలిపి పట్టకూడదు. ప్రతి పలకా తన ఇష్టాన కాస్త కదలాలి. రెండు మూడేళ్లకోసారి నూనె పూసే ఓపిక లేకపోతే ఆ సంగతి ముందే ఒప్పుకుని సిమెంట్ ఫైబర్ పలకలు ఎంచుకోవచ్చు. చెద పట్టదు, మంట అంటుకోదు. వేసవిలో పైన్ అడవులు తగలబడే కొండల్లో ఇది చిన్న విషయం కాదు. ఆస్బెస్టాస్ లేనిదేనా అని అడగాలి. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి.

మూడో ప్రశ్న, కట్టే చెయ్యి. 1897 జూన్ 12 భూకంపంలో షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు కూలాక అస్సాం కొండల్లో తేలికైన చెక్క చట్రం, రెల్లు, మట్టిపూతల ఇళ్లు వ్యాపించాయి. ‘అస్సాం టైప్’ అని పేరొచ్చింది. ఆ ఆకారం ఆ నేల కుదుపు నుంచి, ఆ వాన నుంచి పుట్టింది. ప్రతి కొండకూ అలాంటి ఓ ఇల్లు ఉంటుంది. దాన్ని కట్టగల వడ్రంగీ ఉంటాడు. ఆయన్ని వెతికి పట్టుకుంటే ఏ కర్ర అన్నది ఆయనే చెబుతాడు. మనకు సొంత చేత్తో కట్టుకోవాలన్న సరదా ఉంటే ఆయన పక్కన నిలబడి పలకలు కొట్టవచ్చు. సైడింగ్ నేర్చుకోదగ్గ పనే. చట్రం, పునాది, కప్పు మాత్రం తెలిసిన చేతికే వదలాలి.

కొండ స్థలం చూడటానికి అందరూ డిసెంబరులో వెళతారు. మంచు, ఎండ, గులాబీలు చూసి మనసు పారేసుకుంటారు. ఇల్లు మాత్రం ఆగస్టులో కూడా అక్కడే ఉండాలి. కొనాలనుకున్న నేల మీద ఓ ఆగస్టు మధ్యాహ్నం, గొడుగు పట్టుకుని గంటసేపు నిలబడండి. నీరు ఎటు నుంచి వస్తోందో, ఎటు పోతోందో, వాన ఏ పక్క నుంచి కొడుతోందో చూడండి. పక్క ఊళ్లో పాత ఇంటి గోడకు వాన కొట్టే వైపు ఏ కర్ర ఉందో కూడా చూడండి. అక్కడే మీ ప్రశ్నకు సమాధానం ఉంది.